తూర్పు కిటికీ పక్కన ఉప్పునీటి తొట్టి: 16 నెలల తర్వాత నా మాట

ముందే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో మెరైన్ ట్యాంక్ (సముద్రపు చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి) పెట్టించుకోవాలని మీకు ఉండి, ఇంట్లో పొద్దుటి ఎండ పడే చోటు ఉండి, "అక్కడ మాత్రం వద్దు" అని అడిగిన ప్రతివాళ్లూ బెదిరిస్తుంటే భయపడకండి, అక్కడే పెట్టించుకోండి. కాకపోతే దిక్కు చూసుకోవాలి, మొదటి 2 నెలలు ఓపిక పట్టాలి, మే నెలకు ముందే సిద్ధంగా ఉండాలి. మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు. తొట్టి 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు 190 లీటర్లు, రాళ్లూ ఇసుకా తీసేస్తే నీళ్లు 160 దాకా ఉంటాయి. ముందటేడు సెప్టెంబర్‌లో పెట్టించాం. ఇది ఆ తొట్టి గురించీ, దాన్ని అమర్చి ఇప్పటికీ నెలకు 2 సార్లు వచ్చి చూసుకుంటున్న షాపు గురించీ రాస్తున్న రివ్యూ. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే మంచితో పాటు రెండు గట్టి ఫిర్యాదులు కూడా ఉన్నాయి. అవి వాళ్లకు ఎదురుగానే చెప్పాను, వాళ్లూ సరిచేసుకున్నారు.

అసలు మేం మొదట వెళ్లింది వేరే షాపుకి. లోపలికి వెళ్లగానే నీలం లైట్ల కింద మెరిసిపోతున్న పగడాలు చూపించి, హాల్లో టీవీ పక్కన చీకటి మూల ఉంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు. మా ముందు గదిలో తూర్పు కిటికీ ఉంది, పొద్దున ఎండ బాగా వస్తుంది, దాని పక్కన పెడితే ఎలా ఉంటుంది అని అడిగితే కౌంటర్ దగ్గరాయన పూర్తిగా వినకుండానే "పాచి పట్టి 3 నెలల్లో మీరే తీసేస్తారు" అనేశాడు. అంతటితో ఆగలేదు. లేబుల్ లేని ప్లాస్టిక్ కవర్లో ఉప్పు కట్టి, ఇంటికెళ్లి కలపండి, సాయంత్రానికి చేపలు వేసుకోండి అని చేపలు కూడా పట్టబోయాడు. అప్పటికి నాకు ఈ విషయంలో తెలిసింది తక్కువే, కానీ కొత్త తొట్టిలో అదే రోజు చేపలు వేయకూడదని మాత్రం తెలుసు. లేచి వచ్చేశాం.

రెండో షాపు చిన్నది, కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు. అక్కడి కుర్రాడు నేను చెప్పిందంతా విని, "సార్, ఒక్క ఆదివారం పొద్దుగాల వస్త. ఎండ యాడ పడ్తదో, ఎంతసేపు ఉంటదో నా కండ్లతోని చూస్త, అప్పుడు చెప్త" అన్నాడు. నిజంగానే ఆదివారం 6 గంటలకల్లా బెల్ కొట్టాడు. కిటికీ దగ్గర నేల మీద కూర్చుని 8 దాకా ఉన్నాడు, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ, ఎండ జరిగినకొద్దీ నేల మీద చాక్‌పీస్‌తో గీతలు గీసుకుంటూ. నేను వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చింది ఆ రెండు గంటలు చూసే. ఈ రివ్యూలో ఇంకేం గుర్తున్నా లేకున్నా ఇది గుర్తుపెట్టుకోండి: ఇంటికి వచ్చి వెలుగు చూడకుండా తొట్టి సైజు చెప్పేవాళ్ల దగ్గర కొనకండి.

ఇప్పుడు దిక్కు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా కిటికీలోంచి చూస్తే జూన్‌లో సూర్యుడు మౌలాలి గుట్ట వైపు నుంచి లేస్తాడు, డిసెంబర్‌లో బాగా కుడికి జరిగి నాచారం వైపు నుంచి వస్తాడు. తూర్పు అంటాం గానీ ఏడాదిలో సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబర్ నెలల్లో కొద్ది రోజులే. ఆ కుర్రాడు తొట్టిని ఉత్తరపు గోడకు ఆనించి, ముందు అద్దం దక్షిణానికి ఉండేలా, ఒక పక్క అద్దం కిటికీకి 2 అడుగుల దూరంలో ఉండేలా పెట్టమన్నాడు. అలా పెడితే చలికాలంలో ఆగ్నేయం నుంచి వచ్చే ఏటవాలు ఎండ ముందు అద్దం పొడవునా పడుతుంది, ఎండాకాలంలో ఈశాన్యం నుంచి వచ్చే ఎండ పక్క అద్దం ఒక్కదాన్నే తాకి, సూర్యుడు కాస్త పైకి రాగానే సజ్జా నీడలోకి పోతుంది. అంటే వేడి కావాల్సిన నెలల్లో ఎక్కువ, వద్దనుకునే నెలల్లో తక్కువ. తొట్టిని దక్షిణపు గోడకు పెట్టి ఉంటే ఇదంతా తిరగబడేది. ఇంకో సంగతి, ఆ మూల సరిగ్గా ఈశాన్యం అయింది. నీళ్లు ఈశాన్యంలో ఉండాలని ముందు నుంచీ అంటున్న అమ్మకు ఆ రోజు ఎంత సంతోషమో. బరువు కూడా అడిగి తెలుసుకోండి: నీళ్లు, రాళ్లు, అద్దం, స్టాండు, కింద ఉండే సంప్ (ఫిల్టర్ సామాను పెట్టే రెండో తొట్టి) అన్నీ కలిపి మాది 300 కిలోల పైనే, అందుకే గది మధ్యలో కాకుండా బీమ్ ఉన్న గోడ పక్కనే పెట్టారు.

ఎండలో ఉప్పునీటి తొట్టి పెట్టడం కొత్త పిచ్చేం కాదు. 1960ల మొదట్లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లు, సముద్రపు నీళ్లు, గాలి బుడగలు, ఎండ, వీటితోనే పగడాలనూ చేపలనూ పెంచి చూపించి, ఆ పద్ధతి గురించి 1961లో రాశాడు. ఇప్పుడున్న ఎల్‌ఈడీ లైట్లు అప్పుడెక్కడివి? పగడం ఒంట్లో ఉండే సన్నటి పాచి కణాలే వెలుగుతో ఆహారం తయారు చేసి దానికి పెడతాయి, కాబట్టి ఎండ దానికి కొత్తది కాదు. సమస్యల్లా మోతాదుతోనే. మిట్టమధ్యాహ్నం బయటి ఎండను పార్ మీటర్‌తో (మొక్కలకు, పాచికి పనికొచ్చే వెలుగును కొలిచేది) కొలిస్తే 2000 దరిదాపుల్లో చూపిస్తుంది. మెత్తటి పగడాలకు 100, 150 ఉన్నా చాలు. షాపువాళ్లు మీటర్ తెచ్చి డిసెంబర్‌లో పొద్దున ఏడున్నరకు తొట్టి మధ్యలో పెడితే, దోమల మెష్, అద్దం, నీళ్లు అన్నీ దాటి వచ్చింది 250. అది కూడా గంటన్నర సేపే.

అయినా ఒక్కసారిగా ఎండలోకి తోసేస్తే పగడాలు తెల్లబడిపోతాయి. అందుకే మొదట్లో కిటికీకి అమ్మ పాత వాయిల్ చీర రెండు మడతలు వేసి కట్టాం. 10 రోజుల తర్వాత ఒక మడత తీశాం, ఇంకో 10 రోజులకు సగం పక్కకు జరిపాం, నెలకు పూర్తిగా తీసేశాం. ఖర్చు లేని పని, కానీ దీన్ని దాటేయకండి. లైట్ కూడా దానికి తగ్గట్టు మార్చుకున్నాం. ఎల్‌ఈడీ పొద్దున వెలగదు. 11కి మొదలై రాత్రి 8కి ఆరిపోతుంది. జూలై, ఆగస్టులో మబ్బు పట్టి వారాల తరబడి ఎండ మొహం కనపడనప్పుడు మాత్రం 9కే వెలిగేలా టైమర్ మారుస్తాం.

ఇక అసలు విషయం, పొద్దున తొట్టి ముందు కూర్చోవడం.

వెలుగు రాకముందు గదిలో తొట్టి ముదురు బూడిద రంగులో ఉంటుంది. రాయి ఏదో చేప ఏదో తెలియదు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే ఆవగింజలో పదో వంతు ఉండే తెల్లటి పురుగులు చిటుకు చిటుకుమని జరుగుతుంటాయి. వెలుగు రాగానే అవి రాళ్ల సందుల్లోకి పోతాయి, కాబట్టి చూడాలంటే అప్పుడే. ఏడుంబావు ప్రాంతంలో మొదటి గీత పక్క అద్దం మీద పడుతుంది. అక్కణ్ణుంచి అంతా 10 నిమిషాల్లో మారిపోతుంది. పంపు తోసే నీటి అలలు ఎండను విరిచి ఇసుక మీద వలలా పరుస్తాయి, ఆ వల ఒక్క క్షణం నిలవదు, రాళ్లెక్కి దిగుతూ, చేప ఒంటి మీద నుంచి పాకుతూ పోతుంది. పైన నీళ్ల మీద తగిలిన వెలుగు సీలింగ్ మీద కదులుతుంటుంది, ఫ్యాన్ రెక్కల మీద కూడా. ఎల్‌ఈడీలో కూడా కాస్త ఈ తళుకు వస్తుంది, కాదనను, కానీ ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి రాయికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటాయి. తొట్టికి లోతు అప్పుడే తెలుస్తుంది. పై నుంచి పడే లైటు కింద అదే తొట్టి ఫోటోలా చదునుగా కనిపిస్తుంది.

జోవాలు (పువ్వుల్లా విచ్చుకునే చిన్న మెత్తటి పగడాలు) ముడుచుకున్న మొగ్గల్లా ఉంటాయి, వెలుగు తగిలిన వైపు నుంచి ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. నీడలో ఉన్నవి ఆగుతాయి. లెదర్ కోరల్ రాత్రంతా తోలు టోపీలా నున్నగా ఉండి, ఎండ పడ్డాక గంటకు దాని మీద వేల సన్నటి చేతులు లేస్తాయి, అల వచ్చినప్పుడు వరి చేను వంగినట్టు అన్నీ ఒకవైపు వంగుతాయి. వెనక అద్దం మీద నత్తల కోసం గీకకుండా వదిలేసిన పచ్చటి పాచి ఉంది, ఎండ దాని మీద నిలబడిన కాసేపటికి సూదిమొనంత బుడగలు పుడతాయి. ఆక్సిజన్ అది. ఒకటి పెద్దదై ఊడి పైకి పోతే అదే చోట ఇంకోటి మొదలవుతుంది. మా పాప మూడో తరగతి, స్కూల్ బస్సు 7:50కి. జడ వేయించుకునేది తొట్టి ముందు స్టూలు మీద కూర్చునే, బుడగలు లెక్కపెడుతూ.

పీహెచ్ కూడా రాసి పెట్టుకున్నాను. తెల్లవారుజామున 7.9, సాయంత్రం 5 గంటలకు 8.2 దాటుతుంది. రాత్రి చేపలూ పగడాలూ ఊపిరి వదలడం వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ తగ్గుతుంది, వెలుగులో పాచి ఆ కార్బన్ డయాక్సైడ్‌ను తినేయడంతో పీహెచ్ మళ్లీ పెరుగుతుంది. కాబట్టి మీరు ఒక రోజు పొద్దున, ఒక రోజు సాయంత్రం టెస్ట్ చేసి అంకెలు కలవలేదని టెన్షన్ పడొద్దు, రోజూ ఒకే టైమ్‌కి చేయండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. షాపులో నీలం లైటు కింద పచ్చగా, నారింజగా వెలిగిపోయే పగడం ఎండలో అలా ఉండదు. దాని ఒంట్లోని ప్రోటీన్లు నీలి వెలుగును మింగి వేరే రంగును వదులుతాయి, అన్ని రంగులూ ఉన్న ఎండలో ఆ మెరుపు అణిగిపోయి, గోధుమ, లేత ఆకుపచ్చ, పాలమీగడ రంగులు బయటపడతాయి. నాకు ఈ రంగులే ఎక్కువ నచ్చాయి, కానీ అందరికీ నచ్చకపోవచ్చు. డబ్బులిచ్చే ముందు ఒక్క నిమిషం తెల్ల లైటు వేయమని అడగండి. ఈ షాపులో అడగకుండానే వేసి చూపించారు. చేపలకైతే ఎండను మించిన లైటు లేదు. క్లౌన్ చేప నారింజ రంగు, తెల్ల చారకు చుట్టూ ఉండే సన్నటి నల్ల అంచు, అది మలుపు తిరిగినప్పుడు పొలుసుల మీద మెరుపు, ఇవన్నీ పొద్దుటి ఎండలోనే కనిపిస్తాయి.

మా దగ్గర ఉన్నవి తక్కువే. క్లౌన్ చేపల జంట, ఒక వాచ్‌మన్ గోబీ చేప, దానితో కలిసి బతికే పిస్టల్ రొయ్య, ఒక క్లీనర్ రొయ్య, 15 నత్తలు. క్లౌన్ చేపలు సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవే కావాలని అడిగాను. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపలను పిల్లల దశ నుంచి పెంచే పద్ధతిని ఎప్పుడో తయారు చేసింది, కాబట్టి దొరకవనే మాట నమ్మకండి. ఈ చేపలన్నీ మొదట మగవే. రెండింటిలో పెద్దది పెత్తనం చేసి ఆడదిగా మారుతుంది. 16 నెలల కింద రెండూ చూపుడు వేలు కణుపంత ఉండేవి, ఇప్పుడు ఒకటి దాదాపు రెండింతలు అయింది, రెండోది దాని ముందు ఒళ్లు వణికిస్తూ పక్కకు తప్పుకుంటుంది. గోబీ, రొయ్యల సంగతి ఇంకా బాగుంటుంది. రొయ్యకు చూపు సరిగా ఆనదు. పొద్దున ఎండ ఇసుక మీదకు రాగానే గోబీ గుంత బయట కాపలా కూర్చుంటుంది, రొయ్య రెండు చేతులతో ఇసుక తోసుకుంటూ బయటికి వచ్చి పోసి పోతుంది, వచ్చిన ప్రతిసారీ ఒక మీసం గోబీ మీద ఆనించే ఉంచుతుంది. నేను చెయ్యి కదిపితే గోబీ తోక ఒక్కసారి ఆడిస్తుంది, రొయ్య లోపలికి. అప్పుడప్పుడు రాత్రి హాల్లోంచి టక్‌మని వేళ్లు విరిచినట్టు చప్పుడు వస్తుంది, అదీ ఈ రొయ్యదే.

రాతి పగడాల జోలికి మేం వెళ్లలేదు. మన సముద్రంలోని రాతి పగడాలు, సముద్ర గుర్రాలు, సీ కుకుంబర్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవి, పులిని ఎలా కొనలేమో అలాగే వీటినీ కొనకూడదు. ఎవరైనా "రామేశ్వరం నుంచి వచ్చింది సార్, తక్కువకి ఇస్తాం" అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. బయటి దేశాల నుంచి వచ్చే రాతి పగడాలకు కూడా అంతర్జాతీయ నియమాలు, కాగితాలు ఉంటాయి. అందుకే జోవాలు, మష్రూమ్‌లు, లెదర్, జీనియా లాంటి మెత్తటి పగడాలే తీసుకున్నాం, వాటికీ బిల్లు అడిగి తీసుకున్నాం. రాళ్లు సముద్రంలోంచి తీసినవి కాదు, పొడి రాళ్లు. ఒక హెచ్చరిక కూడా: జోవాల్లో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉండొచ్చు. ఉత్త చేతులతో కోయకూడదు, వాటితో ఉన్న రాయిని వేడినీళ్లలో ఎప్పుడూ ఉడికించకూడదు, ఆ ఆవిరి పీలిస్తే ఆసుపత్రి పాలవుతారు. షాపు కుర్రాడు ప్రతిసారీ గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకునే చేయి పెడతాడు, ఆ సమయంలో పాపను పక్కకు పంపమని తనే చెబుతాడు. దీనికి పూర్తి మార్కులు.

మొదటి 6 వారాలు తొట్టిలో చేపలు లేవు. నీళ్లు, ఇసుక, రాళ్లు, బాక్టీరియా, అంతే. చేపలకు విషమైన అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారే దాకా ఆగాలి, దీనికి దగ్గరి దారి లేదు. రాళ్ల మీద కాఫీ పొడి చల్లినట్టు గోధుమ రంగు పొర వచ్చింది, కంగారు పడి ఫోన్ చేస్తే "డయాటమ్స్ సార్, కొత్త తొట్టికి వస్తయ్, పోతయ్" అన్నాడు, అదీ ఒక రకం సన్నటి పాచే. 3 వారాల్లో పోయింది. మొదటి షాపు మాట విని సాయంత్రానికే చేపలు వేసి ఉంటే ఏమయ్యేవో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు. తొట్టి నింపేటప్పుడు వీళ్లు దగ్గర్లోని ప్లాంట్ నుంచి తాగునీటి డబ్బాలు తెప్పించి వాటిలోనే ఉప్పు కలిపారు. నేనూ ఊరుకున్నాను, శుభ్రమైన నీళ్లే కదా అనుకుని. జనవరి నాటికి వెనక రాళ్ల మీద వెంట్రుకల్లా పచ్చ పాచి లేచింది. ఎండ వల్లే అని షాపులో పెద్దాయన తేల్చేశాడు, కిటికీకి నల్ల ఫిల్మ్ అతికించమన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ డబ్బా నీళ్లు టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలు చూపించేది) కొలిస్తే 68 ఉంది, ఫాస్ఫేట్ టెస్ట్‌లో కూడా రంగు వచ్చింది. మా బోరు నీళ్లు 800 పైన ఉంటాయి, ఇంట్లో తాగే ప్యూరిఫయర్ రుచి కోసం లవణాలు కొంత వెనక్కి కలుపుతుంది కాబట్టి అదీ పనికిరాదు. ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న చిన్న యూనిట్ కొన్నాం, సున్నా టీడీఎస్ నీళ్లు వస్తున్నాయి. చేపల మేత సగానికి తగ్గించాం, 10 నత్తలు కలిపాం, వారం వారం 18 లీటర్లు మార్చాం. ఎండ ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. మార్చి నెలాఖరుకు పాచి పోయింది, ఆ చోటే రాయిలా గట్టిగా ఉండే ఊదారంగు కోరలైన్ పాచి పట్టింది, అది మంచి రకం. ఎండ పడితే పాచి పెరుగుతుంది, నిజమే, కానీ దానికి తిండి పెట్టేది నీళ్లలోని ఫాస్ఫేట్, నైట్రేట్. మాకు ఇప్పటికీ ముందు అద్దం రెండు రోజులకోసారి మాగ్నెట్‌తో తుడవాల్సిందే, చీకటి మూలలో తొట్టి ఉన్నవాళ్లకు వారానికోసారి చాలేమో. షాపువాళ్లు తర్వాత నుంచి కొత్త కస్టమర్లందరికీ డీఐ నీళ్లే వాడుతున్నారు, ఆ కుర్రాడే చెప్పాడు.

రెండో ఫిర్యాదు మే నెలది, ఇది నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఎండ సన్నగా వస్తుంది కాబట్టి అక్కర్లేదు, చిన్న ఫ్యాన్ నీళ్ల మీద తిప్పితే చాలు అని చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) వద్దన్నారు. పొద్దుటి ఎండతో తొట్టి వేడి పెరిగేది అర డిగ్రీ కూడా కాదు, నేను రోజూ చూశాను. వేడంతా గది గాలిదే. బయట 42 ఉన్న రోజు, మధ్యాహ్నం కరెంటు పోయి 3 గంటలు రాలేదు. ఇన్వర్టర్ మీద పంపు కనెక్ట్ చేయలేదు, నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసేసరికి నీళ్లు 31.4 ఉన్నాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, పైగా నీళ్లు కదలడం లేదు, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అమ్మ గిన్నెతో నీళ్లు తీసి పై నుంచి పోస్తూ గంటన్నర నిలబడింది. 70 ఏళ్ల మనిషి. చేపలు బతికాయి, మొదటి క్లీనర్ రొయ్య బతకలేదు, జీనియా సగం కరిగిపోయింది. మర్నాడే చిల్లర్ తెప్పించాం, వేవ్‌మేకర్‌ను (తొట్టిలో అల పుట్టించే పంపు) ఇన్వర్టర్‌కు కలిపించాం, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తొట్టి పక్కనే ఉంచాం. షాపువాళ్లు చిల్లర్ అసలు ధరకే ఇచ్చారు, ఫిట్టింగ్‌కు తీసుకోలేదు, తప్పు ఒప్పుకున్నారు. మీరు మాత్రం మొదటి రోజే పెట్టించండి. హైదరాబాద్‌లో చిల్లర్ లేకుండా పగడాలు పెంచొచ్చని ఎవరు చెప్పినా వినకండి.

అమ్మకు ఈ తొట్టితో ఇంకో పని కూడా ఉంది. రోజూ 2 లీటర్ల దాకా నీళ్లు ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం ఆవిరి కాదు కాబట్టి పోసేది మంచి నీళ్లే ఉండాలి, లేకపోతే సాంద్రత 1.025 దాటి పోతుంది. ఆ మంచి నీళ్లలో సున్నం కలిపి, తేటను రాత్రిపూట చుక్కలు చుక్కలుగా వదలమని కుర్రాడు చెప్పాడు, నత్తల గుల్లలకు, ఊదారంగు పాచికి కాల్షియం కావాలని. వాళ్లు దాన్ని జర్మన్ పేరుతో కల్క్‌వాసర్ అంటారు. అమ్మ విని "సున్నపు తేట అనొచ్చుగా బాబూ" అంది. తాంబూలం వేసుకునే మనిషికి సున్నం సంగతి ఎవరు చెప్పాలి? లీటరుకు గ్రామున్నర కొలిచి కలిపి, మూత పెట్టి, అడుగున తెల్లగా పేరుకునే దాకా ఆగి, పై తేటను మాత్రం కదలకుండా వంచుతుంది, అడుగుది ఒక్క చుక్క రానివ్వదు. తమలపాకు సున్నం మాత్రం వాడొద్దు, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి తీసుకోండి. దాని క్షారం గట్టిది కాబట్టి వేగంగా పోస్తే పీహెచ్ ఎగిరిపోతుంది.

ఖర్చు. తొట్టి, సంప్, స్టాండు కలిపి 31,000. స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా తీసేది), వేవ్‌మేకర్లు, సంప్ నుంచి నీళ్లు పైకి తోసే రిటర్న్ పంపు 19,000. లైటు 13,000, ఎండ ఉంది కాబట్టి చిన్నది సరిపోయింది. తర్వాత కొన్న చిల్లర్ 32,000, డీఐ యూనిట్ 7,000. రాళ్లు, ఇసుక, మొదటి ఉప్పు, టెస్ట్ కిట్లు 16,000. చేపలూ పగడాలూ మెల్లగా కొన్నాం, ఇప్పటికి 14,000 అయి ఉంటుంది. నెలకు షాపు సర్వీసు 1,500, ఉప్పు 900 దాకా, కరెంటు బిల్లు చలికాలంలో 500, ఎండాకాలంలో 1,200 ఎక్కువ వస్తోంది. తక్కువ కాదు. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే దిగండి, ఎందుకంటే మీరు ఊరెళ్లినా తొట్టికి నీళ్లు పోయాలి, ఆ పని ఎవరో ఒకరు చేయాలి. మాకు సంక్రాంతికి ఊరెళ్లిన 4 రోజులు కుర్రాడు రోజూ వచ్చి చూసి వీడియో పంపాడు, దానికి విడిగా ఏమీ అడగలేదు, నేనే ఇచ్చాను.

ఎవరికి వద్దంటానంటే, పడమటి కిటికీ మాత్రమే ఉన్నవాళ్లకు. సాయంత్రం ఎండ గోడలన్నీ కాలి ఉన్న వేళ వస్తుంది, చిల్లర్ ఆగకుండా తిరుగుతుంది. పొద్దున 9 దాకా నిద్రలేవని ఇంటికి కూడా ఇది దండగ, రాత్రి చూసుకునేవాళ్లకు చీకటి మూల, నీలం లైటే బాగుంటాయి. షాపుకి 5కి 4 ఇస్తున్నాను. పోయిన ఆ ఒక్కటీ మే నెలది.

స్టాండు పక్క చెక్క మీద పాప పెన్సిల్‌తో గీతలు పెడుతోంది, పొద్దున ఏడున్నరకు ఎండ అంచు ఎక్కడి దాకా వచ్చిందో. డిసెంబర్ 22న అది చివరి రాయిని కూడా దాటి గోడెక్కింది. సంక్రాంతి నుంచే సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని అమ్మ, కాదు అప్పుడే తిరిగేశాడని పాప. ఈ రోజు చూస్తే ఎండ ఆ గీతకు 2 వేళ్లు ఇవతలే ఆగింది. ఆ అంచులోనే లెదర్ కోరల్ సగం విచ్చుకుని ఉంది, మిగతా సగం ఇంకా నున్నగానే ఉంది.